ఎంఆర్ఐ గది తలుపు దగ్గర ఉండే మనిషి: ఇమేజింగ్ టెక్నాలజిస్ట్ పని గురించి మనం తెలుసుకోవాల్సినవి

నంద్యాల జిల్లా ఆత్మకూరులో ఎవరికైనా డాక్టరు 'ఎంఆర్ఐ తీయించుకోండి' అని చీటీ రాసిచ్చారంటే, ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న 'ఎంత అవుతుంది?' అని. రెండోది 'యాడికి పోవాలి?' అని. నందికొట్కూరు మీదుగా కర్నూలుకో, వెలుగోడు మీదుగా నంద్యాలకో బస్సు ఎక్కుతారు. నల్లమల అంచు గ్రామాల నుంచి వచ్చేవాళ్లయితే తెల్లవారకముందే బయలుదేరాలి. అంత దూరం పోయి, స్కానింగ్ సెంటర్‌లో కూర్చున్నాక, ఒక కుర్రాడో అమ్మాయో కాగితం పట్టుకొని వచ్చి వరుసగా ప్రశ్నలు వేస్తారు. 'ఒంట్లో రాడ్లు ఉన్నాయా? గుండెకు మిషన్ పెట్టినారా? కంట్లో ఎప్పుడన్నా ఇనుప రజను పడిందా?'

మనకు చిరాకు వస్తుంది. 'డాక్టరు రాసినాడు కదా, నువ్వెందుకు ఇన్ని అడుగుతావు?' అంటాం. సగం ప్రశ్నలకు 'లేదు, లేదు' అని చెప్పేసి సంతకం పెడతాం.

ఆ కాగితం పట్టుకొని వచ్చిన మనిషే ఇమేజింగ్ టెక్నాలజిస్ట్. మన వైపు 'స్కానింగ్ టెక్నీషియన్' అనో, 'రేడియోగ్రాఫర్' అనో అంటారు. ఆయన పని బటన్ నొక్కి ఫొటో తీయడమే అనుకుంటాం. కానీ ఆ ఉద్యోగంలో అసలు బాధ్యత మిషన్ దగ్గర కన్నా ముందు, తలుపు దగ్గర మొదలవుతుంది. ఎవరు లోపలికి పోవచ్చు, ఏ వస్తువు పోకూడదు అన్నది అక్కడే తేలుతుంది. ఆ నిర్ణయం తప్పితే ప్రాణం పోవచ్చు. అందుకే స్కాన్‌కు వెళ్లేవాళ్లూ, ఇంటర్ అయ్యాక ఈ కోర్సులో చేరాలనుకునే పిల్లలూ ఈ పని గురించి తెలుసుకోవడం అవసరం.

అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది

ఎక్స్‌రే, సీటీ స్కాన్ మిషన్లు స్విచ్ వేసినప్పుడే కిరణాలు వదులుతాయి. ఎంఆర్ఐ అట్లా కాదు. దానిలో ఉండేది పెద్ద అయస్కాంతం. మామూలుగా ఆసుపత్రుల్లో కనిపించేవి 1.5 టెస్లా, 3 టెస్లా మిషన్లు. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. నియోబియం-టైటానియం తీగ చుట్టలను ద్రవ హీలియంతో సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరుస్తారు. అంత చలిలో ఆ తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కించాక అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

దీని అర్థం ఏమిటంటే, రాత్రి సెంటర్‌కు తాళం వేసినా, ఊళ్లో కరెంటు పోయినా, లోపల పేషెంట్ లేకపోయినా అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. ఆదివారం గది ఊడ్చడానికి వచ్చే ఆయాకు కూడా ఇది తెలిసి ఉండాలి. ఇనుప బకెట్ పట్టుకొని లోపలికి పోతే ప్రమాదమే. 'మిషన్ ఆపేసినాం, రండి' అన్న మాట ఎంఆర్ఐ గది విషయంలో దాదాపు ఎప్పుడూ నిజం కాదు.

ఇంకో సంగతి. ఈ లాగుడు మెల్లమెల్లగా పెరగదు. కొంత దూరంలో ఏమీ అనిపించదు. ఇంకొక అడుగు వేయగానే చేతిలోని వస్తువు ఒక్కసారిగా ఎగిరిపోతుంది. 'కొంచెం లాగినట్టు అనిపిస్తే వెనక్కు వస్తాలే' అనుకునే లోపే చేయి దాటిపోతుంది.

ఎక్కడెక్కడ ఏం జరిగింది

2001 జులైలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో ఆరేళ్ల పిల్లవాడికి ఎంఆర్ఐ తీస్తుండగా ఆక్సిజన్ అవసరమైంది. ఎవరో ఉక్కు సిలిండర్ గదిలోకి తెచ్చారు. అది ఎగిరి మిషన్ లోపల ఉన్న పిల్లవాడి తలకు తగిలింది. ఆ బిడ్డ చనిపోయాడు. ఆ తర్వాత ప్రపంచమంతటా ఎంఆర్ఐ భద్రత నియమాలను గట్టిగా రాయడం మొదలైంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ ఎంఆర్ఐ విభాగాన్ని నాలుగు జోన్లుగా విభజించింది. మొదటి జోన్ అందరూ తిరిగే చోటు. రెండోది పేషెంట్‌ను ప్రశ్నలు అడిగే చోటు. మూడోది కంట్రోల్ రూమ్ చుట్టూ ఉండే చోటు, అనుమతి ఉన్నవాళ్లే రావాలి. నాలుగోది అయస్కాంతం ఉన్న గది.

మన దేశంలోనూ జరిగింది. 2014 నవంబర్‌లో నవీ ముంబైలోని ఒక పెద్ద క్యాన్సర్ కేంద్రంలో సిలిండర్ గదిలోకి వెళ్లడంతో ఇద్దరు సిబ్బంది దానికీ మిషన్‌కూ మధ్య గంటల తరబడి ఇరుక్కుపోయారు. 2018 జనవరిలో ముంబైలోని నాయర్ ఆసుపత్రిలో, పేషెంట్‌కు తోడుగా వచ్చిన 32 ఏళ్ల యువకుడు సిలిండర్ చేత్తో పట్టుకొని ఎంఆర్ఐ గదిలోకి వెళ్లాడు. మిషన్ ఆపేసి ఉందని సిబ్బందిలో ఒకరు చెప్పారని బంధువులు అన్నారు. సిలిండర్‌తో పాటు అతన్నీ మిషన్ లాగేసింది. అతను ప్రాణాలు కోల్పోయాడు. 2025 జులైలో మళ్లీ న్యూయార్క్ దగ్గర, మెడలో వ్యాయామానికి వాడే దాదాపు 9 కిలోల బరువు గొలుసుతో గదిలోకి వెళ్లిన 61 ఏళ్ల వ్యక్తి చనిపోయాడు.

ఈ ప్రమాదాలు మిషన్ చెడిపోవడం వల్ల మొదలైనవి కావు. తలుపు దగ్గర ఆపాల్సిన చోట ఆపలేదు. ముంబైలో చనిపోయింది పేషెంట్ కాదు, తోడు వచ్చిన మనిషి అన్నది మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మన వైపు ఒక పేషెంట్‌కు నలుగురు తోడు వెళ్తారు. స్ట్రెచర్ తోయడానికీ, సిలిండర్ పట్టుకోవడానికీ, చేయి పట్టి నడిపించడానికీ మనవాళ్లే ముందుకు వస్తారు. ప్రేమతో చేసేదే. కానీ ఆ తలుపు దగ్గర టెక్నాలజిస్ట్ 'ఆగండి' అంటే ఆగాలి.

ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

టెక్నాలజిస్ట్ వేసే ప్రతి ప్రశ్న వెనక ఒక కారణం ఉంది. ముఖ్యమైనవి ఇవి:

గుండెకు పేస్‌మేకర్, ఐసీడీ ఉన్నాయా? పాత పేస్‌మేకర్లు చాలావరకు ఎంఆర్ఐకి పనికిరావు. కొత్తవాటిలో కొన్నింటిని నిబంధనలు పాటించి స్కాన్ చేయవచ్చు. దానికి మోడల్ పేరు ఉన్న కార్డు కావాలి. ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన ఆ చిన్న కార్డును బీరువాలో పెట్టి మర్చిపోవద్దు.

మెదడులో క్లిప్ వేశారా? రక్తనాళం ఉబ్బినప్పుడు వేసే క్లిప్ పాతది, అయస్కాంతానికి అతుక్కునే లోహంతో చేసినదైతే కదిలి ప్రాణాపాయం కలగవచ్చు. ఆపరేషన్ కాగితాలు చూడకుండా స్కాన్ చేయరు.

చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా? దానిలోనే అయస్కాంతం ఉంటుంది. ముందుగా చెప్పి తీరాలి.

కంట్లో ఇనుప ముక్క పడిందా? వెల్డింగ్ చేసేవాళ్లు, లేత్ మిషన్ మీద పనిచేసేవాళ్లు, గ్రైండర్ పట్టేవాళ్లు దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఎప్పుడో పదేళ్ల కింద పడిన రజను నొప్పి లేకుండా కంట్లోనే ఉండిపోవచ్చు. అయస్కాంతం దాన్ని కదిలిస్తే చూపు పోతుంది. అనుమానం ఉంటే ముందు కంటి ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఒంట్లో బుల్లెట్, బాంబు ముక్కలు ఉన్నాయా? రాయలసీమలో ఈ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. పాత గొడవల్లో నాటు బాంబు పేలి మేకులు, ఇనుప తునకలు ఒంట్లో ఉండిపోయిన మనుషులు ఇప్పటికీ ఉన్నారు. చాలామంది సిగ్గుపడో, కేసు భయంతోనో చెప్పరు. టెక్నాలజిస్ట్‌కు మీ కేసుతో పని లేదు. ఆ తునక వెన్నుపూస పక్కన ఉందా, పెద్ద రక్తనాళం పక్కన ఉందా అన్నదే ఆయనకు కావాలి. దాచకండి.

రాడ్లు, స్క్రూలు, స్టెంట్లు, కాపర్-టీ ఉన్నాయా? వీటికి భయపడాల్సిన పని చాలావరకు లేదు. ఎముకలకు వేసే టైటానియం రాడ్లు, గుండె స్టెంట్లు, కాపర్-టీ ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి స్కాన్ చేస్తారు. రాడ్ పక్కన బొమ్మ చెదిరిపోవచ్చు, అంతే. అయినా చెప్పాలి.

కిడ్నీ జబ్బు ఉందా? కొన్ని స్కాన్‌లకు గాడోలినియం అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో పాత రకం గాడోలినియం మందుల వల్ల చర్మం, కండరాలు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని 2006 ప్రాంతంలో గుర్తించారు. ఇప్పుడు వాడే మందుల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు, తీసుకెళ్లండి.

గర్భం ఉందా? అవసరమైతే గర్భిణికి మందు లేని ఎంఆర్ఐ చేస్తారు. గాడోలినియం మాత్రం తప్పించుకుంటారు. పాలిచ్చే తల్లి ఈ మందు తీసుకున్నా పాలు ఆపాల్సిన అవసరం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ చెబుతోంది.

ఒంటి మీద ఉండేవి

బురఖా, దుపట్టాకు పెట్టే పిన్నులు చిన్నవే. కానీ గుండుసూది, సేఫ్టీ పిన్ను ఉక్కుతో చేసినవి. ముఖం పక్కన ఉన్న పిన్ను ఎగిరితే కంటికి తగులుతుంది. హిజాబ్ తీయడానికి ఇబ్బంది ఉంటే, పిన్నులు లేని నూలు స్కార్ఫ్ కట్టుకొని వెళ్లి, లేడీ స్టాఫ్ ముందు చెక్ చేయించుకుంటామని అడగవచ్చు. చాలా సెంటర్లలో ఒప్పుకుంటారు.

తావీజు రేకు, మొలతాడుకు ఉన్న లోహపు బిళ్ల, మెట్టెలు, ముక్కుపుడక, జరీ చీర, హుక్కులున్న లోదుస్తులు, జేబులో ఏటీఎం కార్డు, బస్సు చిల్లర, ఫోన్, వినికిడి మిషన్, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు అన్నీ బయటే పెట్టాలి. బంగారం అయస్కాంతానికి అతుక్కోదు కదా అంటారు. నిజమే. కానీ రేడియో తరంగాలకు లోహం వేడెక్కి చర్మం కాలవచ్చు, బొమ్మ కూడా చెడుతుంది. మూసుకుపోయి తీయలేని ముక్కుపుడక ఉంటే చెప్పండి, ఏం చేయాలో వాళ్లు చూస్తారు. సుర్మా, కాటుకలో లోహపు పొడి ఉండే అవకాశం ఉంది కాబట్టి తల, కళ్ల స్కాన్‌కు వెళ్లే రోజు పెట్టుకోకపోవడం మంచిది. మామూలు గోరింటాకుతో ఇబ్బంది లేదు. షుగర్ కొలిచే సెన్సర్, మందు పట్టీ చర్మానికి అంటించుకొని ఉంటే అదీ చెప్పాలి.

లోపల ఏం జరుగుతుంది?

మన ఒంట్లో నీరు, కొవ్వు ఎక్కువ. వాటిలో హైడ్రోజన్ ఉంటుంది. పెద్ద అయస్కాంతంలోకి పోగానే హైడ్రోజన్ కేంద్రకాలు ఒక తీరుగా సర్దుకుంటాయి. అప్పుడు రేడియో తరంగం పంపితే అవి కదిలి, తిరిగి సర్దుకుంటూ చిన్న సంకేతం ఇస్తాయి. 1.5 టెస్లా దగ్గర ఆ తరంగం సుమారు 64 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్ఎం రేడియో కన్నా కొంచెం తక్కువ. అందుకే బయటి రేడియో తరంగాలు కలవకుండా గది గోడలకు లోపల రాగి రేకు వేస్తారు, స్కాన్ జరిగేటప్పుడు తలుపు మూస్తారు. సంకేతం ఏ చోటు నుంచి వచ్చిందో తెలుసుకొని బొమ్మగా మార్చే పద్ధతికి పునాది వేసినందుకు పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. రేడియేషన్ భయం అక్కర్లేదు.

టకటక, ధనధన శబ్దం మాత్రం గట్టిగా ఉంటుంది. 100 డెసిబెల్స్ దాటే స్కాన్‌లు కూడా ఉంటాయి. చెవిలో ప్లగ్గులు పెట్టడం మర్యాద కోసం కాదు, వినికిడి కాపాడటానికి. పెట్టకపోతే అడిగి పెట్టించుకోండి.

బల్ల మీద పడుకోబెట్టేటప్పుడు టెక్నాలజిస్ట్ మీ చేతులు ఒకదానికొకటి తగలకుండా, కాళ్ల మధ్య గుడ్డ పెట్టి సర్దుతారు. చర్మానికి చర్మం తగిలి ఒంట్లో ఒక చుట్టలాగా ఏర్పడితే ఆ చోట కాలే ప్రమాదం ఉంది. వైర్లు చుట్టలు పడకుండా చూస్తారు. మీ బరువు అడిగేది కూడా ఇందుకే. ఒంటికి ఎంత వేడి చేరవచ్చో మిషన్ ఆ బరువును బట్టే లెక్క కడుతుంది. ఊరికే అందాజగా 60 కిలోలని చెప్పవద్దు.

ఇరుకు అంటే భయపడేవాళ్లు చాలామంది. మంచి టెక్నాలజిస్ట్ ఇక్కడే తెలిసిపోతారు. చేతికి రబ్బరు బంతి ఇచ్చి, 'భయమేస్తే ఇది నొక్కవ్వా, వెంటనే బయటికి తీస్తా' అంటారు. మధ్యమధ్యలో మైకులో 'ఇంకా నాలుగు నిమిషాలే, ఖాలా' అని పలకరిస్తారు. ఆ రెండు మాటలతో కదలకుండా పడుకున్న పేషెంట్ బొమ్మ ఒక్కసారికే బాగా వస్తుంది. కదిలితే బొమ్మ మసకబారుతుంది, మళ్లీ తీయాలి. మామూలు మెదడు, నడుము, మోకాలి స్కాన్‌కు దాదాపు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మందు ఎక్కిస్తే ఇంకా ఎక్కువ.

'ఏమన్నా ఉందా సార్?'

స్కాన్ అయ్యి బయటికి రాగానే అందరూ అడిగేది ఇదే. టెక్నాలజిస్ట్ స్క్రీన్ మీద చూసే ఉంటారు. పక్షవాతం వచ్చిన మనిషి మెదడులో రక్తం అందని చోటు డిఫ్యూజన్ స్కాన్‌లో మొదటి నిమిషాల్లోనే తెల్లగా కనబడుతుంది. గడ్డ ఉంటే తెలుస్తుంది. అయినా ఆయన పేషెంట్‌కు చెప్పకూడదు. రిపోర్టు రాసే అధికారం రేడియాలజిస్ట్ డాక్టరుది. 'డాక్టర్ గారు రిపోర్టులో రాస్తారు' అన్నది తప్పించుకునే మాట కాదు, అది నియమం. తెల్లటి మచ్చ కనబడినంత మాత్రాన అన్నీ ఒకటే జబ్బు కావు. తొందరపడి చెప్పిన ఒక్క మాటతో ఒక కుటుంబం రాత్రంతా ఏడవవచ్చు, లేదా అవసరమైన వైద్యం మానేయవచ్చు.

కానీ ఆయన చేయాల్సింది ఒకటి ఉంది. ప్రాణానికి ముప్పు ఉన్నట్టు కనబడితే వరుస కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇప్పుడు చాలా సెంటర్లలో బొమ్మలు ఇంటర్నెట్‌లో వేరే ఊరి రేడియాలజిస్ట్‌కు పోతాయి. రాత్రి డ్యూటీలో ఎంఆర్ఐ గురించి పూర్తిగా తెలిసిన మనిషి ఆ భవనంలో టెక్నాలజిస్ట్ ఒక్కరే ఉండవచ్చు. చిన్న సెంటర్లలో ఈ ఉద్యోగం బరువు అంతా ఇక్కడే ఉంది.

గుండె ఆగితే, కరెంటు పోతే

స్కాన్ మధ్యలో పేషెంట్ ప్రాణం మీదికి వస్తే, చికిత్స ఆ గదిలో మొదలుపెట్టడం పెద్ద తప్పు. కంగారులో అందరూ పరుగెత్తుకొస్తారు. ఒకరి చేతిలో సిలిండర్, ఒకరి చేతిలో షాక్ మిషన్, డాక్టరు మెడలో స్టెతస్కోప్ ఉంటాయి. సరైన పద్ధతి ఏమిటంటే, గుండె నొక్కడం మొదలుపెడుతూనే పేషెంట్‌ను లోహం లేని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చి, తలుపు మూసి, అప్పుడు మిగతా వైద్యం చేయాలి. తలుపు దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి.

'క్వెంచ్' బటన్ నొక్కి అయస్కాంతం ఆపేయవచ్చు కదా అని అడుగుతారు. నొక్కినా శక్తి వెంటనే పోదు, నిమిషం దాటి పడుతుంది. పైగా ద్రవ హీలియం ఆవిరై 700 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. పైపు సరిగా లేకపోతే గదిలో ఆక్సిజన్ తగ్గిపోయి ఊపిరాడదు. అందుకే ఆ బటన్ మనిషి మిషన్‌కు అతుక్కుపోయి ప్రాణాపాయంలో ఉన్నప్పుడో, మంటలు వచ్చి లోపలికి పోవాల్సినప్పుడో వాడేది.

మన వైపు ఇంకో దిగులు ఎండలు. హీలియంను చల్లగా ఉంచే పరికరం, దానికి చల్లనీళ్లు ఇచ్చే చిల్లర్ ఇరవై నాలుగు గంటలూ నడవాలి. ఏప్రిల్, మే ఎండల్లో మేడ మీద చిల్లర్ ఆగిపోతే హీలియం మెల్లగా ఆవిరి కావడం మొదలవుతుంది. పొద్దున డ్యూటీకి రాగానే హీలియం ఎంత ఉంది, ఒత్తిడి ఎంత ఉంది, గది వేడి, తేమ ఎంత ఉన్నాయి అని రిజిస్టర్‌లో రాసుకోవడం ఈ పనిలో మొదటి అలవాటు. ఆ పుస్తకం సరిగా రాసే మనిషి ఉన్న చోట మిషన్ ఎక్కువకాలం ఉంటుంది.

ఈ ఉద్యోగానికి ఏం చదవాలి?

తెలుగువాళ్లకు ఈ రంగం కొత్తది కాదు. హైదరాబాద్ నిమ్స్ తొలి డైరెక్టర్ డాక్టర్ కాకర్ల సుబ్బారావు స్వయంగా రేడియాలజిస్ట్. అమెరికా నుంచి తిరిగివచ్చి ఎందరికో ఈ విద్య నేర్పారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు, 2021లో కన్నుమూశారు.

టెక్నాలజిస్ట్ కావడానికి ఆంధ్రప్రదేశ్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు కింద నడిచే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా. రెండోది, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉన్న ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. బైపీసీ చదివినవాళ్లు ఎక్కువగా వస్తారు. ఫిజిక్స్ అంటే భయం లేనివాళ్లు ఇందులో బాగా రాణిస్తారు.

2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ వృత్తులు దాని కిందికి వచ్చాయి. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల శిక్షణ, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలని చట్టం చెబుతోంది. ఆరు నెలల్లో సర్టిఫికెట్, ఇంటి నుంచే ఎంఆర్ఐ కోర్సు అని పాంప్లెట్ వేసేవాళ్లను ఈ లెక్కతో కొలవండి. ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ బోర్డు లేదా యూనివర్సిటీ గుర్తింపు ఉంది? ఏ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్? అక్కడ ఎంఆర్ఐ మిషన్ నిజంగా ఉందా? చాలామంది పిల్లలు ఎక్స్‌రే దగ్గరే రెండేళ్లు గడిపి, అయస్కాంతం గది చూడకుండానే కోర్సు పూర్తి చేస్తున్నారు. తర్వాత ఎంఆర్ఐ డ్యూటీలో నిలబెడితే ఆ లోటు పేషెంట్ మీద పడుతుంది.

ఎక్స్‌రే, సీటీలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు, ఛాతీకి రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటాయి. ఎంఆర్ఐలో ఆ కిరణాలు లేవు కాబట్టి ఆ బ్యాడ్జి అవసరం లేదు. అంటే అయస్కాంతం ప్రమాదాన్ని కొలిచి చెప్పే బ్యాడ్జి కూడా ఏదీ లేదన్నమాట. అక్కడ జాగ్రత్త మొత్తం మనిషి మీదే నడుస్తుంది.

ఆడపిల్లలకు మంచి అవకాశం

మన ఇళ్లలో బైపీసీ చదివిన అమ్మాయిలకు నర్సింగ్, ల్యాబ్ కోర్సులే గుర్తొస్తాయి. ఇమేజింగ్ గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. రొమ్ము, పొత్తికడుపు స్కాన్‌లకు వచ్చే ఆడవాళ్లు లేడీ టెక్నాలజిస్ట్ ఉన్నారా అని అడుగుతారు. లేరంటే కొందరు వెనక్కి వెళ్లిపోతారు. ఆ స్కాన్ ఆలస్యమైతే జబ్బు ముదురుతుంది. ఎంఆర్ఐ పనిలో ఎక్స్‌రే కిరణాలు లేవు. గర్భంతో ఉన్న టెక్నాలజిస్ట్ కూడా డ్యూటీ చేయవచ్చు, స్కాన్ నడిచేటప్పుడు అయస్కాంతం గదిలో ఉండకపోతే చాలు. రాత్రి షిఫ్టులు, రాకపోకల భద్రత గురించి మాత్రం చేరే ముందే మాట్లాడుకోవాలి.

గల్ఫ్ వెళ్లాలనుకుంటే

కర్నూలు, కడప వైపు నుంచి కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లేవాళ్లు ఎక్కువ. టెక్నాలజిస్ట్‌గా వెళ్లాలంటే వీసా ఒక్కటే చాలదు, అక్కడి లైసెన్స్ కావాలి. సౌదీలో ఆరోగ్య వృత్తుల కమిషన్, దుబాయ్‌లో అక్కడి హెల్త్ అథారిటీ పరీక్ష పెడతాయి. సర్టిఫికెట్లను డేటాఫ్లో పద్ధతిలో నేరుగా మీరు చదివిన కాలేజీకి, పనిచేసిన ఆసుపత్రికి పంపి సరిచూస్తారు. దొంగ అనుభవ పత్రం పెడితే అక్కడే దొరికిపోతుంది, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది.

ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. లక్షలు అడిగితే రసీదు అడగండి.

స్కాన్‌కు వెళ్లే ముందు

పాత ఆపరేషన్ కాగితాలు, ఇంప్లాంట్ కార్డు, క్రియాటినిన్ రిపోర్టు, పాత స్కాన్ ఫిల్ములు సంచిలో పెట్టుకోండి. లోహం లేని నూలు బట్టలు వేసుకోండి. నగలు ఇంట్లోనే వదలండి. కడుపు, పిత్తనాళాల స్కాన్‌కు కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రంజాన్‌లో మందు ఎక్కించే స్కాన్ పడితే రోజా విషయం మీ ఆలిమ్‌ను అడగండి, వాయిదా వేయవచ్చో లేదో డాక్టరును అడగండి. తోడు ఇద్దరు వెళ్తే చాలు.

టెక్నాలజిస్ట్ కాగితం తెచ్చినప్పుడు 'లేదు, లేదు' అని గబగబా చెప్పకండి. చదువు రాని పెద్దవాళ్లయితే పక్కన కూర్చొని ఒక్కో ప్రశ్న వాళ్ల మాటలో చెప్పండి: 'జేజీ, ఎప్పుడన్నా ఒంట్లో ఇనుము ఏమన్నా ఏసినారా?' ఆమె రెండు నిమిషాలు ఆలోచించి, ఇరవై ఏళ్ల కిందటి ఆపరేషన్ ఒకటి గుర్తు చేసుకోవచ్చు. ఆ రెండు నిమిషాలు వరుసలో వెనక ఉన్నవాళ్లు ఆగినా ఫరవాలేదు.